ఫ్రీక్వెన్సీ మీద బిందె

ఆ రోజుల్లో కుళాయి దగ్గర నిలబడటం తెలిసిన ఆడమనిషికి లోకంలో ఇంక నేర్చుకోవలసింది పెద్దగా లేదని నా నమ్మకం. ఐరాల పక్కన మా ఊళ్ళో చదువు నాకు అంటలేదు. నేనే అంటనివ్వలేదన్నా తప్పులేదు. బడికి పొమ్మంటే మా నాయన బెల్లం వండే పాక వెనక దాక్కునేదాన్ని. ఆయనా నన్ను గట్టిగా వెతికేవాడు కాదు, పొయ్యిలోకి చెరుకు పిప్పి తోసే మనిషి దొరికిందని లోలోపల సంతోషపడేవాడు. కానీ కుళాయి దగ్గర నేను పండితురాలిని. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే ఎంతసేపు ఉంటుందో తెలియదు, అందుకని పొద్దున్నే అందరం బిందెలు వరసగా పెట్టేసేవాళ్ళం. బిందె లేకపోతే చెంబు, చెంబు లేకపోతే రాయి, రాయి దొరక్కపోతే కాలి చెప్పు. ఏది పెట్టినా వరస వరసే. ఒకటే షరతు, నీ వంతు వచ్చేసరికి మనిషివి అక్కడ ఉండాలి. లేకపోతే నీ బిందెను కాలితో పక్కకు తోసేస్తారు, ఆ తర్వాత నువ్వు వచ్చి ఎంత గొంతు చించుకున్నా నీ పక్షం మాట్లాడేవాళ్ళు ఉండరు. ఈ చట్టం ఎవరూ రాయలేదు. రాసినా మాలో సగంమందికి చదవడం రాదు.

ఆ పాండిత్యంతోనే పెళ్ళి చేసుకుని తిరుపతి వచ్చాను. అత్త మా నాయనకు సొంత అక్క. తమ్ముడి కూతురే కోడలు కావాలని పట్టుబట్టి తెచ్చుకుంది. మామకు అది గిట్టలేదు. ఆయనకు రేడియోలు బాగుచేసే అంగడి ఉండేది, ఇంగ్లీషు చదివిన మనిషి, కొడుకు రేణిగుంటలో ఉద్యోగం చేస్తున్నాడు, అటువంటి ఇంటికి వేలిముద్ర కోడలు రావడమేమిటని ఆయన బాధ. నాతో నేరుగా మాట్లాడేవాడు కాదు. నేను ఎదురుగానే నిలబడి ఉన్నా, "ఆ పిల్లకు చెప్పు, కాఫీలో చక్కెర జాస్తి అయిందని" అని అత్తకు చెప్పేవాడు. అత్త నావైపు తిరిగి, "ఇన్నావు కదమే" అనేది. ఎవరైనా వచ్చి ఈ అమ్మాయి ఎవరని అడిగితే, "మా ఆవిడ తమ్ముడి కూతురు" అనేవాడు తప్ప కోడలు అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. నాకు ఒళ్ళు మండేది. చక్కెర ఇంకొంచెం ఎక్కువ వేసేదాన్ని.

మేడ మీద ఆయనకొక గది ఉండేది. నేను ఆ గది గడప తొక్కకూడదు. అందులో ఇనప్పెట్టె అంత రేడియో ఉండేది, మనం పాటలు వినేది కాదు, అవతలివాళ్ళతో మాట్లాడేది. దాన్ని హ్యామ్ రేడియో అంటారని మా ఆయన చెప్పాడు. ప్రభుత్వం దగ్గర పరీక్ష రాసి లైసెన్స్ తీసుకున్నవాళ్ళు, వైరు మేడ మీద కట్టి, జపాన్‌లో ఒకడితో, రష్యాలో ఒకడితో మాట్లాడతారట. ఏం మాట్లాడతారు అని అడిగాను. "వినిపిస్తున్నానా అని ఈయన అడుగుతాడు, వినిపిస్తున్నావు అని ఆయన చెప్తాడు" అన్నాడు. అంతేనా అన్నాను. అంతే అన్నాడు. (ఇంత దూరం నుంచి ఇంత ఖర్చు పెట్టి ఇంత చిన్న మాటా అని అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఈ మనవళ్ళు ఫోన్లలో మాట్లాడుకునేది వింటుంటే, ఆ మాటే నయమనిపిస్తుంది.)

మామ మాట్లాడినప్పుడల్లా వీధిలో ఒక వింత జరిగేది. ఆ రేడియో జోరుకు చుట్టుపక్కల టీవీలలో గీతలు పడి, ఒక్కోసారి ఆయన గొంతే వచ్చేది. ఎదురింట్లో పాలు పోసే ఆమె ఉండేది. టీవీలో వార్తలు చదివే ఆవిడ నోరు కదులుతుంటే అందులోంచి మా మామ ఇంగ్లీషు వచ్చేదట. ఆమె వీధిలో నుంచే, "ఏమప్పా, ఈ పొద్దు వార్తలు నువ్వే సదివినావంట" అని అడిగేది. మామ వినపడనట్టు లోపలికి పోయేవాడు.

ఇంట్లో పులిలా ఉండే ఈ మనిషి రేడియోలో మాత్రం వెన్నలా కరిగిపోయేవాడు. ప్లీజ్ అనేవాడు, సారీ అనేవాడు, థాంక్యూ అయితే చెప్పనే అక్కర్లేదు. అత్త కాఫీ గ్లాసు తీసుకుని మెట్లెక్కి గడప దగ్గర నిలబడి అదంతా వినేది. "నేనూ ఆ డబ్బాలో నుంచి కాఫీ ఇచ్చుంటే నాకూ ఒగ థాంక్యూ వచ్చుండును" అని నాతో అనేది.

సంవత్సరానికి ఒకసారి పోటీ వచ్చేది. శని, ఆదివారాలు ప్రపంచంలో ఉన్న ఈ రేడియో మనుషులంతా ఒక్కసారిగా మీద పడి, ఎవరు ఎక్కువమందితో మాట్లాడితే వాళ్ళు గెలిచినట్టు. మాట్లాడిన ప్రతివాడి సంకేతం, అంటే వాడికి ప్రభుత్వం ఇచ్చిన అక్షరాలు, అంకెలు కలిసిన పేరు, రాసుకోవాలి. రాయకపోతే మాట్లాడనట్టే. ఆ ఏడు పోటీకి ముందు రోజు భోజనాల దగ్గర మామ మా ఆయనకు మర్యాదలు చెబుతుంటే నేను వడ్డిస్తూ విన్నాను. "ఫ్రీక్వెన్సీ ఎవురబ్బ సొత్తూ కాదురా. ఒగ జాగాలో కూర్చునే ముందు రవ్వంత సేపు ఇనాల. ఎవురన్నా ఉండారా అని అడగాల. ఒగసారి అడిగితే సాలదు, రెండోసారీ అడగాల. ఉండాం అంటే నోరు మూసుకుని పక్కకు పోవాల. మనం కూర్చున్న జాగాలో మనం పలకతా ఉండాల. లేసిపోతే అది మనది కాదు. సన్న గొంతోడు పిలస్తా ఉంటే పెద్ద గొంతోడు మీదెక్కి అరవకూడదు. పని అయితే థాంక్యూ సెప్పి జరగాల."

నేను సంగటి ముద్ద ఆయన కంచంలో పెడుతూ, "ఇది మా కుళాయే కదా మామా" అన్నాను. మామ అత్తవైపు తిరిగి, "ఆ పిల్లను గమ్మునుండమను" అన్నాడు.

ఇన్ని మర్యాదలు చెప్పే ఆయనకు ఒక్క మనిషి దగ్గర మాత్రం అవేవీ గుర్తుండేవి కావు. వేలూరులో ఒకాయన ఉండేవాడు. ఆయనదీ పెద్ద రేడియోనే. ఏటా పోటీలో ఈయన మీద ఆయన, ఆయన మీద ఈయన ఎక్కి మాట్లాడేవాళ్ళు. ఒక జాగాలో ఒకరు ఉన్నారని తెలిసి కూడా అడగకుండా వచ్చి కూర్చునేవాళ్ళు. ఒకరినొకరు పలకరించుకుంటే ఇద్దరికీ చెరొక పాయింటు వచ్చేదట, అయినా ఎన్నేళ్ళయినా పలకరించుకోలేదు. "వాడికి పాయింటు ఇచ్చే బదులు ఈ వైరుకు ఉరేసుకుంటా" అనేవాడు మామ.

పోటీ ఆదివారం మధ్యాహ్నానికి మామకు మంచి జాగా దొరికింది. చుట్టూ ఎవరూ లేరు, పిలిచినవాడల్లా పలుకుతున్నాడు. ఇది నిలబెట్టుకుంటే ఈసారి వేలూరు ఆయన్ను దాటినట్టేనని మా ఆయన గుసగుసలాడాడు. సరిగ్గా అప్పుడే రెండు ఉపద్రవాలు వచ్చాయి. మొదటిది కోతులు. కొండ మీద నుంచి దిగిన కోతుల గుంపొకటి మా వైరు కట్టిన పక్కింటి కొబ్బరిచెట్టు ఎక్కి, ఆ వైరు పట్టుకుని ఊగసాగింది. అవి ఊగినప్పుడల్లా జపాన్ దగ్గరికి వచ్చి దూరంగా పోతోంది. మా ఆయన కర్ర తీసుకుని పక్కింటికి పరిగెత్తాడు. రెండోది నేను నూరిన ఊరిబిండి పచ్చడి. వేరుశనక్కాయలు తక్కువై పచ్చిమిరపకాయలతో సరిపెట్టాను, మామ ఆత్రంలో రుచి చూడకుండా సంగటిలో అద్దుకుని మింగేశాడు. ఆయన ముఖం ఒకసారి ఎర్రబడి, ఒకసారి తెల్లబడి, లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ నిలబడ్డాడు. అత్త ఊళ్ళో ఎవరింటికో పోయి ఉంది. గడప బయట నేను ఒక్కదాన్నే ఉన్నాను, చేతిలో సంగటి గరిటెతో.

పెళ్ళయిన తర్వాత మొదటిసారి మామ నన్ను చూసి మాట్లాడాడు. "ఏమే, ఈడ కూసో. ఏదీ ముట్టుకోవద్దు. ఎవురన్నా వస్తే నన్ను కేకెయ్" అని మెట్లు దిగి పెరట్లోకి పరిగెత్తాడు. (ఆ గది కిటికీ సరిగ్గా పెరట్లోని బాత్రూం మీదికే తెరుచుకునేది. ఆ ఇల్లు కట్టిన మేస్త్రీకి ముందుచూపు ఉండాలి.)

నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. గడప దాటాను, అది కూడా ఆయన మాట మీదే. ఈ జాగా నేను కాపాడితే ఈ ఇంట్లో నేను మనిషిని. పోగొడితే చచ్చేదాకా అత్త తమ్ముడి కూతుర్నే. చదువు రాకపోయినా ఆ లెక్క నాకు బాగా తెలుసు.

డబ్బాలో గరగరమని చప్పుడు. తర్వాత ఎవడో మెత్తగా ఏదో అడిగాడు. పొద్దున్నుంచి మామ నోట విన్న రాగమే, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని. మళ్ళీ అడిగాడు. బుద్ధిమంతుడు.

"మామా, ఎవురో వచ్చినాడు" అని కిటికీలోంచి అరిచాను.

"ఉండామని సెప్పు" అని కింద నుంచి కేక వచ్చింది. "మైకుకు బొత్తాం ఉండాది, నొక్కి సెప్పు. జాగా పోతాది."

నొక్కాను. ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియదు. కుళాయి దగ్గర చెప్పినట్టే చెప్పాను. "బిందె ఉండాది నాయనా. మనిషి ఇప్పుడే వస్తాడు. నువ్వు పక్కకు పో."

ఆ మనిషి కాసేపు ఆలోచించినట్టున్నాడు. ఏదో సారీ అన్నాడు, థాంక్యూ అన్నాడు, వెళ్ళిపోయాడు. నాకు ధైర్యం వచ్చింది. అంతలోనే ఇంకొక గొంతు, ఉరుములాంటి గొంతు, అడగలేదు, వినలేదు, వచ్చి నడిమధ్య కూర్చుని అందర్నీ పిలవడం మొదలుపెట్టింది. కుళాయి దగ్గర ఇటువంటివాళ్ళు ఊరికొకరు ఉంటారు. వాళ్ళకు మెత్తగా చెబితే తలకెక్కదు.

"ఎవురయ్యా నువ్వు" అని అందుకున్నాను. "అడిగేది లేదు, సెప్పేది లేదు, వచ్చి నట్టనడాన నిలబడుకుంటావా. ఈడ పొద్దున్నుంచీ మా మామ బిందె పెట్టుకోనుండాడు. కడుపు నొప్పితో రవ్వంత పక్కకు పోతే జాగా కొట్టేసేదానికి వచ్చినావు. మీ ఇంట్లో నీకు ఎవురూ బుద్ధి సెప్పలేదా. పో, పోయి కడాన నిలబడు. నేను పిలిచినప్పుడు వద్దువు." ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను, ఇప్పుడు నా మనవరాలు చదువుతుంది.

ఉరుము గొంతు ఆగిపోయింది. తర్వాత తెలిసింది, ఆ పోటీలో ఎప్పుడూ వినని ఆడగొంతు, ఎవరికీ తెలియని భాష, అంత జోరుగా వినేసరికి చుట్టుపక్కలున్న వాళ్ళంతా వాళ్ళ పనులు మానుకుని నా దగ్గరికి వచ్చేశారని. ఒక్కసారిగా పదిమంది, ఇరవైమంది, ఎంతమందో, ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. అచ్చం ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకరు వచ్చినట్టే ఉంది. గరిటె తీసుకుని సంగటి గిన్నె మీద మైకు దగ్గర టంగుమని కొట్టాను. అందరూ ఆగిపోయారు.

"ఒగరి మీద ఒగరు పడితే ఎవురికీ నీళ్ళు రావు. ఒగొగరు రండి. ఆ సన్న గొంతు పెద్దాయన, నువ్వు ముందు రా. తక్కినోళ్ళు గమ్మునుండండి."

నా మాట ఒక్కటీ వాళ్ళకు అర్థమై ఉండదు. కానీ గరిటె అర్థమయింది. సన్న గొంతు ఆయన వచ్చి తన పేరు చెప్పాడు. మామ పొద్దున్నుంచీ అందరికీ చెప్పే మాట నాకూ వచ్చు, "ఫైవ్ నైన్, థాంక్యూ" అన్నాను. (ఎంత బాగా వినిపిస్తున్నావో చెప్పే అంకెలవి. పోటీలో వినపడినా వినపడకపోయినా అందరికీ అదే చెబుతారు. బాగుండావా అంటే బాగుండానని అనడం లాంటిది.) మా ఇంటి సంకేతం కూడా పొద్దున్నుంచీ విని విని దండకంలా నోటికి వచ్చేసింది, అదీ చెప్పాను. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత ఇంకొకరు. ఎవడైనా మధ్యలో దూరితే గరిటె. ఒక్కొక్కరు అయ్యేకొద్దీ, పాలకు గీతలు గీసినట్టు, గిన్నె అడుగున అంటిన బొగ్గుతో గోడ మీద ఒక గీత గీశాను.

ఎంతసేపయిందో, వెనక్కి తిరిగితే మామ తడి లుంగీతో గడపలో నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో మొదట కనబడింది భయం. లైసెన్స్ లేని మనిషి నోరు విప్పితే లైసెన్స్ ఉన్నవాడిది ఊడుతుంది. కానీ చెవులు వేరే పనిలో ఉన్నాయి. పోటీలో ఎప్పుడూ ఉండే ఆ గోల లేదు. ఒకరు మాట్లాడుతుంటే తక్కినవాళ్ళంతా పిలుపు కోసం కాచుకుని ఉన్నారు.

"ఎంతమందే" అన్నాడు.

గోడ చూపించాను. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఉదయం నుంచి ఆయన పలికించినవాళ్ళకంటే ఎక్కువే.

"వాళ్ళ సంకేతాలు?"

"ఏమి సంకేతాలు మామా?"

"పేర్లే, పేర్లు. ఎవురెవురు?"

"ఈయనకు జలుబు" అని మొదటి గీత చూపించాను. "ఈయనింట్లో కుక్క ఉండాది. ఈయన దగ్గతా ఉండాడు, మందు తినమని సెప్పినా. ఈయన తొందర మనిషి. ఈయనెవురో సిన్నోడు, గొంతు ఇప్పుడిప్పుడే మారతా ఉండాది. ఈయన నవ్వినాడు, ఎందుకో తెల్దు."

మామ భుజం మీది తువ్వాలు తీసి తల మీద వేసుకుని నేల మీద కూర్చున్నాడు. రాయకపోతే మాట్లాడనట్టే. జలుబు మనిషికీ కుక్క మనిషికీ పాయింట్లు ఇవ్వరు.

అప్పుడే మెట్ల మీద దబదబ చప్పుడైంది. ఎదురింటి పాలామె, కొంగు నడుముకు దోపుకుని వచ్చేసింది. ఆదివారం టీవీ ముందు కూర్చుని ఉంటే, అందులో దేవుడి కథలో మునీశ్వరుడు నోరు తెరిచి నా గొంతుతో తిట్టాడట. "మేయ్, నేనేం జేసినానని టీవీలో పెట్టి మానం తీస్తివి. నీ బిందె నేను నిన్ననే జరిపినా, ఈ పొద్దు జరపలేదే" అంది. నిజం చెప్పాలంటే, నిన్న జరిపింది ఆమే అని నాకు అప్పటిదాకా తెలియదు. ఇద్దరం ఆ గదిలోనే దాని సంగతి తేల్చుకోవడానికి సిద్ధమయ్యాం. మామ నేల మీద నుంచే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

డబ్బాలో ఉరుము గొంతు పలికింది. ఈసారి తెలుగులో, అరవం కలిసిన తెలుగు.

"సార్, వణక్కం. ఆ అమ్మ నన్ను కడాన నిలబడమనింది. నిలబడుకోనుండాను. అందరూ అయిపోయినారు. నా వంతు వచ్చినట్టేనా?"

మామ తల మీది తువ్వాలు జారిపోయింది. వేలూరు ఆయన.

మామ లేచి కుర్చీలో కూర్చున్నాడు. మైకు పట్టుకున్నాడు, బొత్తాం మాత్రం నొక్కలేదు. నేను మెల్లిగా, "వరస ఆయనదే మామా" అన్నాను. పాలామె కూడా, "అవునప్పా, నిలబడినోడికి పొయ్యాల్సిందే" అంది, ఏం పోయాలో తెలియకపోయినా.

మామ బొత్తాం నొక్కి తన సంకేతం చెప్పి, "ఫైవ్ నైన్" అన్నాడు. అవతల నుంచి "ఫైవ్ నైన్" వచ్చింది. ఇద్దరికీ చెరొక పాయింటు. వైరు పక్కింటి కొబ్బరిచెట్టు మీద క్షేమంగానే ఉంది.

"సార్, ఆ అమ్మకు లైసెన్స్ ఉండాదా?" అని వేలూరు ఆయన అడిగాడు.

ఆయన ప్రభుత్వానికి ఒక్క కాగితం రాస్తే చాలు, మామ రేడియోకు సీలు పడుతుంది. ఆ గది లేకపోతే మామ ఏమైపోతాడో నాకు తెలుసు, థాంక్యూ చెప్పడానికి ఆయనకు ఇంకొక చోటు లేదు. చేతిలో గరిటె కింద పెట్టేశాను.

"లేదు సార్" అన్నాడు మామ. "తప్పు నాది. మాట్లాడమనింది నేనే."

"ఎవురు సార్ ఆమె?"

మామ నావైపు చూశాడు. గోడ మీది గీతలవైపు చూశాడు. "నా కోడలు సార్" అన్నాడు.

వేలూరు ఆయన అందుకున్నాడు. "ఇన్నేండ్లు మీరు నా మీద, నేను మీ మీద ఎక్కి అరస్తా ఉండాం. ఈ పొద్దే వరసంటే ఏమిటో సూసినా. నన్ను తిట్టిన తిట్లకు నేను కాగితం రాయాల్సిందే. రాయను. ఒగ షరతు. ఆ అమ్మకు లైసెన్స్ తీసియ్యండి. తీసియ్యకుంటే రాస్తా."

"ఆ పిల్లకు అక్షరాలు రావు సార్."

"మీకు వచ్చు కదా" అన్నాడు వేలూరు ఆయన. థాంక్యూ చెప్పి, జరిగిపోయాడు.

నేను పలికించినవాళ్ళను లెక్కలో వేసుకోకూడదని, ఆ ఏడు మామ పోటీ నుంచే తప్పుకున్నాడు. సాయంత్రం ఊళ్ళోంచి వచ్చిన అత్తకు వీధి మొదట్లోనే నలుగురు చెప్పారట, "మీ ఆయన నీ కోడల్ని టీవీలో కోడలన్నాడు" అని. మా ఆయన చొక్కా చింపుకుని, కోతులను తరిమేశానని గర్వంగా వచ్చి, ఎవరూ పట్టించుకోకపోతే చిన్నబోయాడు.

మరుసటి రోజు నుంచి మామ నాకు చదువు మొదలుపెట్టాడు, కాగితం భయంతో. అందరూ అ ఆ లతో మొదలుపెడితే, నేను సంకేతాల ఇంగ్లీషు అక్షరాలతో మొదలుపెట్టాను. తెలుగు తర్వాత బస్సుల బోర్డులు చూసి పట్టుకున్నాను. పాకాల బస్సు ఎక్కి ఐరాల బస్సని వాదించిన రోజులు కూడా ఉన్నాయి. మామ మంచి అయ్యవారు కాదు, అరిచేవాడు. నేను మంచి శిష్యురాలిని కాదు, తిరిగి అరిచేదాన్ని. పరీక్ష పోయింది, మళ్ళీ పోయింది, చివరకు వచ్చింది. ఆ మధ్యలో ఎప్పుడో ఒక పొద్దు, కాఫీ కోసం వచ్చిన మామ వంటింటి గడప బయటే ఆగిపోయాడు. అత్తా నేనూ లోపల ఏదో మాట్లాడుకుంటున్నాం. ఆయన కాసేపు విన్నాడు. "ఎవురన్నా ఉండారా?" అని అడిగాడు. ఎదురుగా కనబడుతున్నాం. అయినా రెండోసారీ అడిగాడు. అత్త కళ్ళు తుడుచుకుంటూ, "ఉండాం, రాండి" అంది. ఆ కాఫీలో చక్కెర సరిగ్గా వేశాను.

ఇప్పుడు ఆ గది నాది. ఇనప్పెట్టె పోయి, సంచిలో పట్టే రేడియో వచ్చింది. టీవీలలో నా గొంతు రావడం లేదు. గోడకు మూడుసార్లు సున్నం వేశాం, బొగ్గు గీతలున్న చోట మాత్రం మా ఆయన వేయించలేదు, కావాలనే వదిలేశాడో మరచిపోయాడో నేను అడగలేదు. మామ లేడు, వేలూరు ఆయన గొంతు కూడా కొన్నేళ్ళుగా వినబడటం లేదు. పోటీ ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆ పాత జాగాకే పోతాను. మర్యాద ప్రకారం వింటాను, ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను, రెండోసారీ అడుగుతాను. తర్వాత కూడా కొంచెంసేపు ఆగుతాను, ఆ ఉరుము గొంతు అడగకుండా వచ్చి పడుతుందేమోనని.

మొన్నటి పోటీలో ఎవడో కుర్రవాడు అలాగే వచ్చి నడిమధ్య కూర్చున్నాడు. నేను బొత్తాం నొక్కి, మంచి ఇంగ్లీషులో, ఈ ఫ్రీక్వెన్సీ వాడకంలో ఉందండీ, దయచేసి జరగండి అన్నాను. సారీ అని పోయాడు. అప్పుడు బొత్తాం వదిలేసి, మిగతాదంతా గోడకు చెప్పుకున్నాను. కింద నుంచి మా ఆయన, "ఎవురితో మాట్లాడతా ఉండావు?" అని అడిగాడు. ఎవరితో అని చెప్పను? గరిటె పట్టుకుని ఈ కుర్చీలో కూర్చున్న ఆ వేలిముద్ర పిల్ల అయితే, బొత్తాం వదిలి ఉండేది కాదు.